సబురో సకాయ్ జీరోను చెక్కలో చెక్కుకుందాం: తిరుపతి ఎండలకీ వానలకీ తగ్గట్టు 24వ వంతు నమూనా

జీరో అంటే రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన యుద్ధవిమానం. రంపం పట్టకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మీరు చేయబోయేది 1942 ఆగస్టు 7 ఉదయం రబౌల్ (న్యూ గినీ పక్క దీవిలో అప్పటి జపాన్ స్థావరం) నుంచి లేచిన విమానమా, అదే రోజు సాయంత్రం తిరిగొచ్చి దిగిన విమానమా? యంత్రం ఒకటే. నమూనాలుగా మాత్రం రెండూ వేరు. ఉదయం విమానానికి పొట్ట కింద 330 లీటర్ల అదనపు ట్యాంకు ఉంటుంది, అద్దాలన్నీ నిండుగా ఉంటాయి. సాయంత్రం విమానానికి ట్యాంకు లేదు, ముందు అద్దం పగిలిపోయింది, లోపలున్న మనిషికి కుడి కన్ను కనబడడం లేదు. సగం ఉదయం, సగం సాయంత్రంగా చేసిన నమూనాలు చాలా కనిపిస్తాయి. చూడడానికి బాగానే ఉంటాయి, కానీ అవి ఏ గంటకీ చెందవు.

ఆ మనిషి సబురో సకాయ్. 1916లో జపాన్ సాగా ప్రాంతంలో పేద రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1933లో, పదహారేళ్ళ వయసులో, నౌకాదళంలో మామూలు నావికుడిగా చేరి యుద్ధనౌకల మీద ఫిరంగుల దగ్గర పనిచేశాడు. తర్వాత పైలట్ శిక్షణకు ఎంపికై, 1937లో తన తరగతిలో మొదటివాడిగా బయటికొచ్చి చక్రవర్తి పేరిట ఇచ్చే వెండి గడియారం అందుకున్నాడు. చైనాలో పోరాడాడు. 1941 డిసెంబరులో నౌకాదళపు విమాన దళాల్లో ఒకటైన తైనాన్ దళంతో తైవాన్ నుంచి ఫిలిప్పీన్స్ మీదికి ఎగిరాడు. 1942లో న్యూ గినీలోని లే, ఆ తర్వాత రబౌల్.

ఆగస్టు 7న 27 బాంబర్లకు కాపలాగా తైనాన్ దళం జీరోలు సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌కి బయల్దేరాయి. దూరం దాదాపు 1,040 కిలోమీటర్లు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, తిరుపతిలో లేచి నేరుగా ఉత్తరానికి జబల్‌పూర్ దరిదాపుల దాకా వెళ్ళాలి, అక్కడ పోరాడాలి, మళ్ళీ మధ్యలో ఎక్కడా దిగకుండా తిరుపతి రావాలి. ఒకే ఇంజను, ఒకే మనిషి, కింద అంతా సముద్రం. అక్కడ సకాయ్ వెనకనుంచి చూసి ఫైటర్లనుకుని దగ్గరికి పోయినవి అమెరికా డాంట్‌లెస్ డైవ్ బాంబర్లు. వాటికి వెనక తుపాకీవాళ్ళు ఉంటారు. తూటా తలలో తగిలింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేయడం మానేశాయి. ఆ స్థితిలో 4 గంటల 47 నిమిషాలు నడిపి రబౌల్‌లో దించాడు.

ఈ నమూనాలో ప్రతి ముక్కా ఆ ప్రయాణానికి కారణమో, సాక్ష్యమో అవుతుంది. అందుకే కొలతలు తప్పకూడదు.

డ్రాయింగు, కొలతలు

కావాల్సింది మిట్సుబిషి ఏ6ఎం2, మోడల్ 21 డ్రాయింగు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. జీరో అని వెతికితే సగం చోట్ల వచ్చేది మోడల్ 52. దాని రెక్కల వెడల్పు 11 మీటర్లు, ఇంజనుకు రెండు పక్కలా చిన్నచిన్న పొగగొట్టాలు విడివిడిగా ఉంటాయి, రెక్కల్లోంచి తుపాకీ గొట్టాలు పొడవుగా బయటికి వస్తాయి. మోడల్ 21 రెక్కలు 12 మీటర్లు. పొగగొట్టం పక్కకొకటే. కార్బురేటర్ గాలి ద్వారం ఇంజను మూత కింది పెదవి దగ్గర ఉంటుంది. 20 మి.మీ. తుపాకీల గొట్టాలు పొట్టివి, రెక్క ముందంచు దాటి బయటికి పొడుచుకురావు. రెక్క చివర నిలువునా కోసినట్టుంటే అది మోడల్ 32. ఈ గుర్తులు చూశాకే కాగితం ప్రింటు తీయించండి.

24వ వంతు స్కేలు ఎందుకంటే లెక్క సుళువు. 12 మీటర్లు సరిగ్గా 500 మి.మీ. అవుతుంది. పొడవు 9.06 మీటర్లు, అంటే 377 మి.మీ. పైచిలుకు. ప్రొపెల్లరు వ్యాసం 2.9 మీటర్లు, మనకు 121 మి.మీ. చక్రం 600 మి.మీ., మనకు 25. విమానవాహక నౌక లిఫ్టులో పట్టడం కోసం రెక్కల చివరలు ఒక్కోటి 50 సెంటీమీటర్లు పైకి మడిచేవాళ్ళు. మన రెక్క మీద అది చివరినుంచి 21 మి.మీ. దగ్గర ఒక గీత.

జిరాక్స్ షాపులో ఏ2 కాగితం మీద తీయించండి. ‘ఫిట్ టు పేజ్’ ఆపమని ముందే చెప్పాలి, లేకపోతే 500 కాస్తా 480 అవుతుంది, ఇంటికొచ్చేదాకా తెలియదు. షాపులోనే స్కేలు పెట్టి రెక్కల వెడల్పు కొలుచుకోండి. మూడు కాపీలు తీసుకోండి. ఒకటి కోసి తాటలు (ఆకారం సరిచూసుకునే కొలత ముక్కలు) చేయడానికి, ఒకటి గోడకి, ఒకటి దాచుకోడానికి.

చెక్క

గుమ్మడి టేకు తీసుకోండి. తేలిక, నార సన్నం, ఉలికి మెత్తగా లొంగుతుంది, ఆరాక మెలిక తిరగడం తక్కువ. అసలు టేకు గట్టిదే గానీ దానిలో సహజంగా నూనె ఉంటుంది. ఫెవికాల్ సరిగా పట్టదు, రంగు కొన్ని నెలలకు పెచ్చులూడుతుంది. వేప బాగా ఎండింది దొరికితే పర్వాలేదు, పచ్చిదైతే పగుళ్ళు తప్పవు. ఎర్రచందనం ముక్కలు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ముట్టుకోవద్దు. శేషాచలం చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఎందుకో చెప్పనక్కర్లేదు. అటవీశాఖ కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉండడమే కేసు. పైగా ఆ చెక్క బరువు, గట్టిదనం ఈ పనికి పనికిరావు, దాని ఎరుపు లేత రంగుల్లోకి ఊరుతుంది కూడా. ఏర్పేడు దగ్గరి మాధవమాల శిల్పులు తరతరాలుగా చెక్కలో దేవుళ్ళను చెక్కుతున్నవాళ్ళు. ఏ చెక్క ఆరిందో, ఏది ఇంకా తడో చేత్తో పట్టుకుని చెప్పగలరు. అటువైపు వెళ్తే మీ ముక్క ఒకసారి చూపించండి.

ఒంటికి రెండు పలకలు, ఒక్కోటి 400 × 80 × 30 మి.మీ. రెక్కలకి రెండు, ఒక్కోటి 260 × 110 × 16. తోక రెక్కలకి 6 మి.మీ. మందం పలక అరచేయంత. ఒంటి పలకలు రెండూ కలిపి ఎనిమిది తొమ్మిది వందల గ్రాముల దగ్గర తూగాలి. అంతకంటే బాగా ఎక్కువుంటే ఇంకా తడుందని. నీడలో, గాలి ఆడేచోట, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, వారానికోసారి వంటింటి కాటా మీద తూచండి. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే అప్పుడు మొదలుపెట్టండి. నవంబరు వాయుగుండాల్లో ఎండిన చెక్క కూడా తేమ పీలుస్తుంది. అప్పుడు చెక్కి అతికించినది మార్చి ఎండలకు అతుకు దగ్గర సన్నగా నోరు తెరుస్తుంది. చెక్కే పని జనవరి నుంచి ఏప్రిల్ లోపు ముగించడం మేలు.

ఒళ్ళు

రెండు పలకల మధ్య ఒక పొర న్యూస్‌పేపర్ పెట్టి, పల్చగా ఫెవికాల్ రాసి అతికించండి. ఈ కాగితమే ఈ పని మొత్తానికి కీలకం. ఒళ్ళంతా చెక్కాక తోకవైపు నుంచి ఉలి పెట్టి మెల్లగా తడితే కాగితం దగ్గర నిలువునా రెండుగా విడిపోతుంది. అప్పుడు లోపల కాక్‌పిట్ తొలుచుకోవచ్చు. గట్టిగా అతికించేసి పైనుంచి గుంట తవ్వితే అడుగు ఎప్పటికీ నున్నగా రాదు, పక్క గోడలు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా తేలతాయి.

పక్కనుంచి కనిపించే ఆకారం ముందు, పైనుంచి కనిపించేది తర్వాత. రెండూ రంపంతో గీతకు 2 మి.మీ. బయటగా కోసుకుని, చిత్రిక పట్టి గీతకు తేవాలి. తర్వాతే గుండ్రం చేయడం. అడ్డకోతల తాటలకు పాత ఎక్స్‌రే ఫిల్ము మంచిది. కత్తెరకు తెగుతుంది, తడికి వంగదు, అట్టలాగా అంచులు నలగవు. ఇంజను వెనక, ముందు అద్దం దగ్గర, పైలట్ వీపు దగ్గర, రెక్క వెనకంచు దగ్గర, తోకకి సగం దూరంలో, తోక మొదట్లో, మొత్తం ఆరు తాటలు చాలు. ఉలి ఎప్పుడూ లావు నుంచి సన్నానికి, అంటే తోకవైపు నడవాలి. నార ఎదురు తిరిగినచోట బలవంతంగా నెట్టితే పెచ్చు లేస్తుంది. లేచిన పెచ్చును పారేయకండి, అది ఉన్నచోటే అతికించి మర్నాడు ఆకురాయితో అరగదీయండి.

జీరో ఒళ్ళు తోకవైపు చాలా సన్నం. మనవాళ్ళు భయపడి అక్కడ లావు వదిలేస్తారు. భయం వద్దు, డ్రాయింగును నమ్మండి. దీన్ని గీసిన జిరో హొరికోషి బృందం బరువు మీద గ్రాముల్లో పోరాడింది. సుమిటోమో వాళ్ళు తయారుచేసిన కొత్త రకం గట్టి డ్యురాలుమిన్ (అల్యూమినియం) మిశ్రమాన్ని రెక్క దూలాలకు వాడి, ఎక్కడ లోహం తీయగలిగితే అక్కడ తీసేశారు. 950 హార్స్‌పవర్ దగ్గరున్న ఇంజనుతో అంత దూరం పోగలగడానికి అదే కారణం.

రెక్కలు

అసలు జీరోలో రెక్కా, నడి ఒళ్ళూ కలిసి ఒకే ముక్క. బోల్టుల బరువు తగ్గించడానికి అలా చేశారు. మనం కూడా రెండు రెక్కల్నీ ముందే కలిపేసి, ఒంటి అడుగున గాడి తీసి అందులో కూర్చోబెట్టాలి. విడివిడిగా పక్కలకి అతికిస్తే పైవంపు రెండు వైపులా సమానంగా రాదు.

నడిమి అతుకును ముందు చిత్రం నుంచి తీసుకున్న కోణానికి చిత్రిక పట్టండి. లోపల 3 మి.మీ. ప్లైవుడ్ ముక్కను ఆ కోణానికే కోసి దిగవేయండి. ఆరేటప్పుడు బల్ల మీద పెట్టి, రెండు చివరల కింద సమాన ఎత్తు చెక్కలు పెట్టాలి. ఒక రాత్రి ఆగాలి. ఫెవికాల్ రెండు గంటల్లో పట్టినట్టే ఉంటుంది, కానీ బిగింపు తీస్తే మెల్లగా దిగుతుంది.

మందం ఒంటి దగ్గర 15 మి.మీ. నుంచి చివర 4 మి.మీ.కి సాఫీగా తగ్గాలి. దీంతోపాటు ఇంకో సూక్ష్మం ఉంది. జీరో రెక్క చివరకు పోయేకొద్దీ ముందంచు కిందికి తిరుగుతుంది, చివర దగ్గర రెండున్నర డిగ్రీలు. మన స్కేల్లో అది 2 మి.మీ. లెక్క. చిన్నదే, కానీ ముందు నుంచి చూసినప్పుడు జీరో ముఖం దీనివల్లే వస్తుంది. దీనివల్లే గట్టి మలుపుల్లో రెక్క చివర పట్టు తప్పకుండా పైలట్‌కి అయిలరాన్లు (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క చివరి పలకలు) చేతిలో ఉండేవి. వెనకంచు 1 మి.మీ. దగ్గర ఆపండి. అంతకంటే సన్నం చేస్తే రంగు వేసేలోపే విరుగుతుంది.

రెక్క, ఒళ్ళు కలిసేచోట గుండ్రటి మెత్తటి వంపు ఉంది. దీనికి ఎం-సీల్. రెండు ముద్దలూ సమంగా, రంగు ఒకటయ్యేదాకా పిసికి, సన్నటి వత్తిగా చేసి పరిచి, తడి వేలితో లాగండి. మే నెలలో అయితే మామూలుకన్నా చాలా ముందే గట్టిపడుతుంది కాబట్టి ఒకేసారి రెండు పక్కలకీ కలుపుకోవద్దు.

ఇంజను మూత, ప్రొపెల్లరు

అదృష్టం కొద్దీ జీరోలో ఉండే సకాయే ఇంజను వ్యాసం 1.15 మీటర్లు, మూతతో కలిపి మన స్కేల్లో 50 మి.మీ. చేరువ. ఇంజను పేరుకీ మన పైలట్ ఇంటిపేరుకీ సంబంధం లేదు, పలుకుబడి దగ్గరంతే. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే 50 మి.మీ. పీవీసీ గొట్టం ఈ మూతకి సరిగ్గా సరిపోతుంది. డ్రాయింగు పొడవుకు కోసి, ముందంచును వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక గుండ్రటి గిన్నె అంచుమీద లోపలికి ఒత్తండి. పెదవి గుండ్రానికి లోపల ఎం-సీల్ వత్తి. పైన రెండు తుపాకీ గాళ్ళు గుండ్రటి ఆకురాయితో తీయాలి. ఇవి 7.7 మి.మీ. తుపాకీలవి. గాడి లోతుగా తీస్తే పీవీసీ చిల్లు పడుతుంది, కాబట్టి ముందే లోపలివైపు ఎం-సీల్ దట్టంగా మెత్తి ఆరనివ్వండి.

సకాయేలో 14 సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరసలు. బయటికి కనిపించేది ముందు ఏడే. 5 మి.మీ. వెదురు పుల్లకు నల్ల కుట్టుదారం పక్కపక్కన ఒత్తుగా చుట్టి, ఫెవిక్విక్ ఒక చుక్క వేసి, ముక్కలు కోసుకుంటే సిలిండరు రెక్కలు అచ్చంగా కనిపిస్తాయి. చుట్టు వదులైతే కోసినప్పుడు దారం విప్పుకుంటుంది. అందుకే కోయబోయే ప్రతిచోటా ముందే ఒక్కో చుక్క.

ప్రొపెల్లరు మూడు ఆకులు, 1 మి.మీ. అల్యూమినియం రేకులో. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి అది గడియారపు ముల్లులా కుడికి తిరగాలి. మెలిక తిప్పేటప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకోకపోతే మూడు ఆకులూ తలకిందులుగా తయారవుతాయి, విమానం వెనక్కి పోయేదవుతుంది. మొదట ఒక అట్టముక్క తిప్పి చూసుకుని ఆ తర్వాత రేకు ముట్టుకోండి. ముందువైపు మెరిసే లోహం, కొసల దగ్గర రెండు ఎర్ర గీతలు. వెనకవైపు పైలట్ కళ్ళకు మెరవకుండా ముదురు గోధుమ రంగు.

కాక్‌పిట్

ఇక్కడ తొందర పడకండి. కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో సీటు చేయండి. జీరో సీటు నిండా చిల్లులే. బరువు తగ్గించడానికి రేకులో గుండ్రంగా తీసేసేవాళ్ళు. మన స్కేల్లో అది 1 మి.మీ. డ్రిల్లుతో చేసే పని. రేకును సబ్బుబిళ్ళ మీద పెట్టి తొలిస్తే అంచు చిరగదు, చెక్క మీద పెడితే డ్రిల్లు జారి చిల్లుకీ చిల్లుకీ మధ్య తెగిపోతుంది. చిల్లులన్నీ అయ్యాకే వంచాలి.

ఆ సీటు వెనక ఇనుప కవచం చేయకండి, ఎందుకంటే అసలులో లేదు. ట్యాంకుల్లో తూటా తగిలితే తనంతట తాను మూసుకునే రబ్బరు పొరా లేదు. శత్రువు తూటా పెట్రోలు ట్యాంకులో పడితే మంట. తైనాన్ దళంలో పేరున్న పైలట్లెందరో ఒకరి తర్వాత ఒకరు అలా పోయారు. ఆ రోజు సకాయ్ విమానం ట్యాంకులకు తగలకపోవడం, తూటా తలను పూర్తిగా చీల్చకపోవడం, ఈ రెండిటివల్లే తిరిగొచ్చాడు. నమూనా చూసేవాళ్ళు “సీటు వెనక ఏం లేదేంటి?” అని అడుగుతారు. అడగాలి కూడా.

ఎడమచేతి వైపు థ్రాటిల్, మిశ్రమం లివర్లు గుండుసూదులతో చేయండి. ఇవి చిన్న వివరాలు కావు. సకాయ్ దూర ప్రయాణాల్లో ఇంజను తిరుగుడు తగ్గించి, పెట్రోలు మిశ్రమాన్ని ఇంజను ఆగిపోయే అంచుదాకా పల్చన చేసి నడిపేవాడు. గంటకు దాదాపు 65 లీటర్లకు తెచ్చానని తనే చెప్పుకున్నాడు. ఆ అలవాటే ఆగస్టు 7న తల పగిలి, ఎడమ చెయ్యి చచ్చుబడిన మనిషిని ఇంటికి చేర్చింది. 20 మి.మీ. తుపాకీలకు ఒక్కోదానికి 60 గుళ్ళే. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ఏడు సెకన్లలో ఖాళీ. అన్నిటిలోనూ పొదుపు చేయాల్సిన విమానం ఇది.

పైలట్ బొమ్మ పెట్టాలనుకుంటే కూర్చున్న ఎత్తు 37 మి.మీ. దాటకూడదు. దాటితే మూత పడదు. సాయంత్రం విమానమైతే మెడలోని తెల్ల పట్టు స్కార్ఫును తల చుట్టూ కట్టండి. నెత్తురు ఆపడానికి అతను ఆ స్కార్ఫునే హెల్మెట్ కిందికి దూర్చుకున్నాడు.

కాక్‌పిట్ వెనక యాంటెన్నా స్తంభం సంగతి. డ్రాయింగులో నిలువుగా కర్రస్తంభం ఉంటుంది. తైనాన్ దళం పైలట్లు ఆ రేడియోలు సరిగా పనిచేయవని, బరువు దండగని తీయించేసి, స్తంభాన్ని రంపంతో కోయించేశారు. కాబట్టి అక్కడ కోసిన మొండి ముక్క చాలు. దీనికి పర్యవసానం కూడా ఉంది. రేడియో లేదు కాబట్టే తిరుగు ప్రయాణంలో సకాయ్‌కి ఎవరితోనూ మాట్లాడే దారి లేదు.

అద్దాల మూత

దీనికి కొనాల్సిందేమీ లేదు, గీతలు లేని నున్నటి లీటరు ప్లాస్టిక్ నీళ్ళ సీసా చాలు. మూత ఆకారానికి చెక్కలో అచ్చు చెక్కి, సాండింగ్ సీలరు నాలుగు పూతలు వేసి 1000 నంబరు కాగితంతో అద్దంలా నునుపు చేయాలి. చెక్క నార ఏమాత్రం కనిపించినా అది అద్దంలోకి అచ్చు దిగుతుంది. సీసా అడుగు కోసి అచ్చును లోపలికి దూర్చండి. కింద ఖాళీలో వాలుగా చెక్కిన ఇంకో ముక్కను మేకులా దిగగొట్టి బిగుతు చేయండి. ఆ తర్వాత హాట్ ఎయిర్ గన్‌తో అరచేతి దూరం నుంచి, ఒక్కచోట ఆపకుండా, చుట్టూ తిప్పుతూ వేడి చేయాలి. సీసా ముడుచుకుంటూ వచ్చి అచ్చును చర్మంలా అంటుకుంటుంది. వేడి ఎక్కువైతే తెల్లగా మబ్బు పడుతుంది, ఇక అది బాగుపడదు, ఇంకో సీసా తీసుకోండి. గ్యాసు స్టవ్ మీద మాత్రం చేయకండి. ఒక పక్క ముడుచుకునేలోపు ఇంకో పక్క అంటుకుంటుంది. నాలుగైదు సీసాలు దగ్గర పెట్టుకుని కూర్చోవడం మంచిది.

జీరో మూతకి చట్రాలు చాలా ఎక్కువ. నేరుగా కుంచెతో గీస్తే వంకర్లు. మాస్కింగ్ టేపుకు విమానం రంగు వేసి ఆరాక, గాజుపలక మీద ఉక్కు స్కేలు పెట్టి 1 మి.మీ. పట్టీలుగా కోసి అతికించండి. సాయంత్రం విమానానికి ముందు అద్దంలో రెండు చిల్లులు, చుట్టూ సూదితో గీసిన సన్నటి పగుళ్ళు, ఒక పలక పూర్తిగా లేకుండా. అంతకు మించి విరగ్గొట్టకండి.

రంగు

సాండింగ్ సీలరు మూడు పూతలు, మధ్యమధ్య 220, 400. సీలరు పడ్డాకే నీటి కాగితం 800. సీలరు లేకుండా తడి పెడితే నార లేచి నిలబడుతుంది.

రంగు విషయంలో వాదాలు ఉన్నా, 1942 నాటి మిట్సుబిషి జీరో తెల్లటి విమానం కాదు. బూడిద రంగులో కొంచెం ఆకుపచ్చ, కొంచెం తేనె ఛాయ, పైన నిగనిగ. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ఆటో పెయింటులో తెలుపు 20 పాళ్ళు, నలుపు 2, ఓకర్ పసుపు 2, ఆకుపచ్చ ఒకటికి తక్కువగా కలిపి మొదలుపెట్టండి. ముక్క చెక్క మీద కొట్టి ఆరాక పగటి వెలుతురులో చూడాలి, ట్యూబులైటు కింద అన్నీ నీలంగానే ఉంటాయి. ఇంజను మూత నలుపు, అందులో పదో వంతు నీలం. ఎర్ర సూర్యబింబం ముదురు ఎరుపు, నారింజ ఛాయ ఉండకూడదు. ఒంటి మీది బింబానికి తెల్ల అంచు, జీరోలను కట్టిన రెండో కంపెనీ నకజిమా విమానాల గుర్తు. మిట్సుబిషి చేసుకుంటున్నాం కాబట్టి తెల్ల అంచు వద్దు. తోకమీద తైనాన్ దళం గుర్తు ఇంగ్లిషు ‘వీ’ అక్షరం. ఆ రోజు విమానానికి ఎక్కువగా వేసే నంబరు వీ-128, నలుపులో.

స్ప్రే చేసే వేళ మన ఊళ్ళో చాలా ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి తడిగా ఉంటుంది. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ దానిమీద వాలి, రంగు పాలలా తెల్లబడుతుంది. అప్పుడు రిటార్డర్ థిన్నరు పదో వంతు కలిపి, వాన లేని రోజు పదకొండు గంటల ప్రాంతంలో కొట్టాలి. మే నెలలో దీనికి తలకిందులు. నలభై డిగ్రీల ఎండలో రంగు గాలిలోనే ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. పొద్దున ఆరు ఏడు మధ్య పని ముగించుకోండి. ఏ కాలమైనా ఎనామిల్ మీద ఎన్‌సీ కొట్టొద్దు, ముడతలు లేస్తుంది. మాస్కింగ్ టేపు రాత్రంతా వదిలేస్తే ఎండాకాలంలో జిగురు రంగును పట్టుకుని లేచొస్తుంది, గంటలో తీసేయాలి.

పలకల గీతలు చెక్కలో సూదితో గీయకండి, నార సూదిని తన దారిన లాక్కుపోతుంది. రంగు ఆరాక 2హెచ్ పెన్సిలుతో గీసి పైన వార్నిష్ వేయండి. పాతబడినట్టు చూపించాలని వెండి పెచ్చులు ఒళ్ళంతా చల్లడం ఇప్పుడు అలవాటైపోయింది. ఇంత మంచి పైపూత మీద అది అన్యాయం. పైలట్ ఎక్కేచోట, రెక్క మొదట్లో కొద్దిగా, పొగగొట్టం వెనక మసి. అంతే.

పీట, పలక

పీట మీద మన ఎర్రమట్టి వేయకండి. రబౌల్ అగ్నిపర్వతాల పక్కనున్న ఊరు, అక్కడి నేల బూడిద. కట్టెల పొయ్యి బూడిదను జల్లెడ పట్టి, ఫెవికాల్ నీళ్ళు రాసిన పలక మీద చల్లి, ఆరాక దులపండి. చక్రాలకీ అదే బూడిద వేలితో అద్దాలి.

పేరుపలక మీద “64 విమానాలు కూల్చిన వీరుడు” అని రాయొద్దు. ఆ సంఖ్య ప్రచారంలో ఉన్నదే గానీ, గాలిపోరాటాల్లో ఇద్దరు ముగ్గురు ఒకే విమానాన్ని తమదనుకోవడం అన్ని దేశాల్లోనూ మామూలు. రికార్డులతో సరిచూసినవాళ్ళు చాలా తక్కువ లెక్క చెబుతారు. సకాయ్ తను గర్వపడిందల్లా తన వెంట ఎగిరిన సహచరుణ్ణి ఎన్నడూ పోగొట్టుకోలేదని. రాయాల్సింది ఇంత చాలు: “మిట్సుబిషి ఏ6ఎం2 మోడల్ 21. తైనాన్ దళం. పైలట్ సబురో సకాయ్ (1916–2000). 1942 ఆగస్టు 7, రబౌల్ – గ్వాడల్‌కెనాల్ – రబౌల్. స్కేలు 1:24.” ఇంకో వరస చోటుంటే, ఒంటికన్నుతో 1944లో జపాన్ దీవి ఇవో జిమా మీద మళ్ళీ పోరాడాడని, యుద్ధం తర్వాత బౌద్ధాన్ని పట్టుకుని ఇక ఏ ప్రాణినీ చంపనని మాట పెట్టుకున్నాడని, దశాబ్దాల తర్వాత తనను కాల్చిన తుపాకీవాణ్ణి కలుసుకున్నాడని చేర్చండి.

స్కూలు ప్రదర్శనకో, సైన్స్ సెంటర్‌కో బండి మీద తీసుకుపోవాల్సి వస్తే ప్రొపెల్లరును అతికించకుండా సైకిల్ స్పోక్ ముక్క మీద గుచ్చి ఉంచండి, తీసి విడిగా జేబులో వేసుకోవచ్చు. ఎడమ రెక్క ముందంచున ఉండే పిటో గొట్టం (గాలి వేగం కొలిచేది) కూడా అలాగే, సూదిని చిల్లులో వదులుగా గుచ్చి. పెట్టెలో రెక్కల కింద కాదు, ఒంటి కింద రెండుచోట్ల మెత్తటి గుడ్డ చుట్టలు పెట్టాలి. రెక్కల మీద బరువు పడితే గతుకుల్లో నడిమి అతుకు దగ్గర రంగు పగులుతుంది. తోకవైపు పెట్టె గోడకూ చుక్కానికీ మధ్య రెండు వేళ్ళ సందు వదలండి.